దయ్యాలు లేవు, కానీ అది వేరు

ఇళ్ళు అమ్మే పనిలోకి కొత్తగా వచ్చిన మన తెలుగు పిల్లలు ఈ మధ్య నాకు తరచు ఫోన్ చేస్తున్నారు. లైసెన్స్ పరీక్షకు ఏం చదవాలి, మొదటి క్లయింట్‌ని ఎలా పట్టాలి, ఇల్లు అందరికీ చూపించే ఓపెన్ హౌస్‌లో ఏం మాట్లాడాలి, ఇవే అడుగుతారు. వీటన్నిటికీ ఇంటర్నెట్‌లో నాకంటే బాగా చెప్పేవాళ్ళున్నారు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల ముప్పై ఏళ్ళ పాటు ఇళ్ళు చూపించి, కిందటేడే మానేసిన దాన్ని. నేను చెప్పదలచుకున్నది వేరే ఉంది.

ఇల్లు కొనడానికి వచ్చినవాళ్ళు స్కూళ్ళ గురించి అడుగుతారు, వాస్తు గురించి అడుగుతారు, ఆఫీస్‌కి డ్రైవ్ ఎంతసేపని అడుగుతారు. అవన్నీ అయ్యాక, చెప్పులు వేసుకుంటూ, మామూలుగా అడిగినట్టు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంతకీ ఈ ఇంట్లో ఎవరైనా పోయారాండీ?" వాళ్ళు ఇల్లు చూడటానికి వచ్చిందే ఆ ప్రశ్న కోసమా అని నాకు అనుమానం.

పోతే ఏమిటట? దయ్యాలున్నాయా? ముప్పై ఏళ్ళు ఖాళీ ఇళ్ళ తాళాలు ఒంటరిగా తీసినదాన్ని, నాకు తెలియాలి. నాకు తెలియదు. ఇది చదివితే ఏదో ఒకటి తేలుతుందనుకుంటే ముందే చెబుతున్నాను, తేలదు. ఈ పనిలోకి వచ్చినప్పుడు నాకు చాలా స్పష్టంగా ఉండేది. కెమిస్ట్రీ చదివిన దాన్ని, దయ్యాలు లేవు అంతే. ఇప్పుడు మొత్తం గందరగోళం.

మా ఆవిడకి పట్టింపు

నాకు ఎదురైన మొదటి విచిత్రం ఏమిటంటే, దయ్యాలున్నాయని నమ్మే మనిషి ఒక్కరూ నాకు దొరకలేదు.

భర్త నన్ను గరాజ్‌లోకి పిలిచి మెల్లగా అంటాడు: "విజయ గారూ, నాకు ఇలాంటివేం లేవు. మా ఆవిడకి కాస్త పట్టింపు. ఇంట్లో ఎవరైనా పోయుంటే ఆవిడకి చెప్పొద్దు, నాకు చెప్పండి." ఆయన పెరట్లోకి వెళ్ళగానే ఆవిడ వస్తుంది. "మీ ఆయనలాగే మా ఆయనా పెద్ద ఇంజినీర్ అండీ, కానీ పిరికి. రాత్రి బాత్‌రూమ్‌కి లైటేసుకోకుండా వెళ్ళరు. ఏమైనా ఉంటే నా చెవిన వేయండి." ఇద్దరూ కలిసి అత్తగారి మీదికి తోస్తారు. అత్తగారిని అడిగితే, "నాకెందుకమ్మా భయం, ఇవాళో రేపో నేనే పోయేదాన్ని. పిల్లల కోసం" అంటుంది. పిల్లలేమో అప్పటికే పైకెళ్ళి ఏ గది ఎవరిదని కొట్టుకుంటూ ఉంటారు.

ఇలా నమ్మకం ఎవరి చేతిలోనూ ఆగదు. పక్కవాళ్ళకి అందిస్తూ పోతారు. మొదట్లో ఇదంతా దొంగ వేషమనుకుని నవ్వుకునేదాన్ని. తర్వాత ఆ నవ్వు తగ్గింది. ఎందుకు తగ్గిందో చివర చెబుతాను.

బెట్టీ హలో చెప్పడం

నాకు పని నేర్పిన బ్రోకర్ పేరు బెట్టీ. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కంకిలా ఉండేది. నోరు పెద్దది. కొత్త ఏజెంట్లను ఏడిపించడం ఆవిడకి సరదా. నన్నూ ఏడిపించింది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే, కానీ దాంతోనే ముప్పై ఏళ్ళు బతికాను.

కాలిఫోర్నియాలో ఒక రూలుంది. మూడేళ్ళ లోపు ఆ ఇంట్లో ఎవరైనా చనిపోతే, కొనేవాళ్ళకి చెప్పి తీరాలి. అంతకు ముందు పోయినా, సూటిగా అడిగితే అబద్ధం ఆడకూడదు. మొదట్లో నేను ఆ సంగతిని కాగితాల అడుగున పెట్టి, సంతకం పెట్టించుకుని ఊపిరి పీల్చుకునేదాన్ని. బెట్టీ పట్టుకుంది. "నువ్వు చెప్పకపోతే మెయిల్‌బాక్స్ దగ్గర పక్కింటావిడ చెబుతుంది. ఆవిడ చెప్పే కథలో రక్తం కూడా ఉంటుంది. నీకు తెలిసింది ముందు నువ్వే చెప్పు, గట్టిగా చెప్పు, అందరూ ఉన్నప్పుడు చెప్పు" అంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇంత గట్టి మనిషి ఖాళీ ఇంటి తాళం తీయగానే "హలో, బెట్టీని వచ్చాను" అనేది. లోపల ఎవరూ ఉండరు. ఫర్నిచర్ కూడా ఉండదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, మీకు దయ్యాల నమ్మకముందా అని. నన్ను పురుగుని చూసినట్టు చూసింది. "దయ్యాలా? నాన్సెన్స్."

"మరి హలో ఎవరికి?"

"అది వేరు. అది మర్యాద."

ఆ రోజు నవ్వాను. ఆర్నెల్లు తిరగకుండానే నాకూ అలవాటైపోయింది. ఏ ఖాళీ ఇంటి తలుపు తీసినా "వస్తున్నానండీ" అంటాను. తెలుగులోనే వస్తుంది. ఆ ఇంట్లో పోయినవాడు పోర్చుగీసువాడైనా సరే.

గుమ్మడికాయ మీద పోలీసు

నేను చేసిన తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఇలాంటిది ఇంకే జాతి ఏజెంటూ చేయలేరు.

అక్టోబర్ చివర. ఒక తెలుగు కుటుంబానికి తాళాలివ్వాలి. పాత ఓనరు ముసలాయన ఆ ఇంట్లోనే పోయాడు, నిద్రలో, హాయిగా. సంగతి చెప్పాం, వాళ్ళు సరేనన్నారు. కాకపోతే కొన్నావిడ తల్లి గుంటూరు నుంచి వీడియో కాల్‌లో, గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టందే కాలు పెట్టొద్దంది. సరే, పొద్దున్నే నేనే ఇండియన్ స్టోర్‌లో కాయ కొనుక్కుని వెళ్ళాను. గాటు పెట్టి లోపల దండిగా కుంకుమ నింపి, సున్నం కూడా కలిపి, హారతి వెలిగించి, గుమ్మం ముందు ధడేల్మని కొట్టాం. ముక్కలు పక్కింటి లాన్ దాకా ఎగిరాయి. ఎర్రగా, తడిగా.

పావుగంటలో పోలీసు కారొచ్చింది. ఎవరో రక్తపాతం జరిగిందని ఫోన్ చేశారట.

ఆ వీధి ఎలా ఉందో చెప్పాలి మీకు. ఎదురింటి ముందు ప్లాస్టిక్ సమాధులు. చెట్టుకి వేలాడే అస్థిపంజరం. పక్కింటి గుమ్మం మీద నిజంగానే ఎర్ర రంగుతో చేతి ముద్రలు. హాలోవీన్ కదా, దయ్యాల వేషాల పండగ. అవన్నీ చూసి మురిసిపోయిన వీధి మా గుమ్మడికాయను చూసి దడుచుకుంది. ఆ కుర్ర పోలీసుకి అంతా వివరించాను. అతను మోకాళ్ళ మీద కూర్చుని ఒక ముక్క వాసన చూసి, లేచి, గొంతు తగ్గించి అడిగాడు: "ఇది పనిచేస్తుందా?"

"నేను ఏజెంటుని సర్, గ్యారంటీలివ్వను" అన్నాను.

ఇందులో మీకు పనికొచ్చేది, ముందు రోజే ఇరుగుపొరుగుకి చెప్పండి, ఇరుగుపొరుగు ఎవరైనా సరే. నాకు పనికొచ్చింది మాత్రం వేరు. నవ్వులాటకు పెట్టుకున్న దయ్యాన్ని చూసి ఎవరూ భయపడరు. ఎవరైనా నిజంగా నమ్మి ఏదైనా చేస్తేనే చూసేవాళ్ళకి భయం వేస్తుంది. ఆ పోలీసు కుర్రాడి మొహంలో నేను చూసింది అదే.

కాకి రాలేదు

ఇంకొకాయన, బయోటెక్ కంపెనీలో పెద్ద సైంటిస్ట్. పేరెందుకులెండి. తండ్రి ఆయన దగ్గర ఉంటూనే చనిపోయారు. ఆ ఇల్లు అమ్మి చిన్న దాంట్లోకి మారదామని అంతకు ముందే అనుకున్నారు. నేను వెళ్ళిన ప్రతిసారీ, మనవాళ్ళ మూఢనమ్మకాల మీద నాకు క్లాస్ తీసుకునేవాడు. దయ్యమంటే మెదడులో జరిగే రసాయన చర్య అనీ, నిద్ర చాలకపోతే నీడలు మనుషుల్లా కనిపిస్తాయనీ చెప్పేవాడు. నిజమే అయ్యుంటుంది.

తండ్రి పోయిన పదో రోజు పొద్దున నాకు ఫోన్. ఇంటి ఫొటోలు తీసే ఫొటోగ్రాఫర్‌ని రావొద్దని చెప్పమన్నాడు. ఎందుకో అని వెళ్ళి చూస్తే, పెరట్లో పంచె కట్టుకుని, చలికి పైన జాకెట్ వేసుకుని నిలబడి ఉన్నాడు. గోడ మీద ఆకులో పిండం, పక్కన పెరుగూ గారెలూ. కాకి ముట్టాలి. కాకి రాలేదు. ఉడతొచ్చి గారె ఎత్తుకుపోయింది. దాన్ని అదిలించాడు. కాసేపటికి నీలం రెక్కల జే పిట్ట వచ్చి ఆకు పక్కనే వాలింది.

"ఇదీ కాకి జాతే కదండీ?" అన్నాను, ఆయన బాధ చూడలేక.

"టెక్నికల్‌గా కరెక్టే విజయ గారూ. కానీ మా నాన్న ఒప్పుకోడు."

అలా చాలాసేపు నిలబడ్డాం. చివరికి ఎక్కడి నుంచో ఒక కాకొచ్చి ముద్ద ముట్టింది. ఆయన కళ్ళజోడు తీసి జాకెట్ చేత్తో తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చాను. తర్వాత కాఫీ తాగుతూ, మాటవరసకి అన్నాను: "మీరు ఇలాంటివి నమ్మరనుకున్నాను."

"దయ్యాలు నమ్మను. అది వేరు, ఇది వేరు."

ఏది వేరు? ఇంటికొచ్చాక చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. నాకు దొరికిన తేడా ఒక్కటే. మనవాళ్ళు పోతే పితృదేవతలు, ఎదుటివాళ్ళ వాళ్ళు పోతే దయ్యాలు. ఆయన తండ్రి ఆ పెరట్లో ఆయనకి దేవుడు. అదే పెరట్లో, రేపు కొనబోయేవాడికి భయం. పోయిన మనిషి ఒక్కడే కదా.

కల్పన వాళ్ళ గరాజ్

ఇక అసలు సంగతి. ఇది జరిగి ఆరేడేళ్ళైంది.

కల్పన చిప్ కంపెనీలో హార్డ్‌వేర్ ఇంజినీరు. శాంటా క్లారాలో ఆఫీస్. భర్త రవి ఒక ఆదివారం పొద్దున గరాజ్‌లో, ట్రెడ్‌మిల్ పక్కనే పడిపోయాడు. గుండె. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. ఇంట్లో మిగిలింది కల్పన, పన్నెండేళ్ళ కూతురు నిత్య, రవి తల్లి సీతారామమ్మ గారు. ఆవిడ అప్పటికే చాలా ఏళ్ళుగా వాళ్ళతోనే ఉంటున్నారు.

ఏడాది తిరగకుండా కల్పన నాకు ఫోన్ చేసింది. "విజయ గారూ, ఇల్లు అమ్మేద్దామనుకుంటున్నాను."

వెళ్ళాను. గొంతులో ఏ తడీ లేకుండా చెప్పింది. రవి పోయిన కొన్ని వారాల నుంచీ సాయంత్రం పూట, అతను ఆఫీస్ నుంచి వచ్చే వేళకి, గరాజ్ తలుపు దానంతటదే లేస్తోంది. రోజూ కాదు, కానీ చాలా రోజులు. ఆ చప్పుడు వినగానే అత్తగారు స్టవ్ మీద టీ పెడతారు, రవికి పెట్టినట్టే, రెండు చెంచాల చక్కెరతో. గరాజ్‌లోకి వెళ్ళే తలుపు పక్కన గట్టు మీద కప్పు పెడతారు. నిత్య వెళ్ళి బటన్ నొక్కి తలుపు మూసొస్తుంది. ఎవరూ ఏమీ అనరు.

"అత్తయ్య, నిత్య ఇద్దరూ ఆ తలుపు దగ్గరే ఆగిపోయారండీ. ఇక్కడున్నంత కాలం వాళ్ళు ఇందులోంచి బయటికి రారు. నాకు ఈ ఇల్లు వదలాలని లేదు. నిత్య ఫ్రెండ్స్ అంతా ఇక్కడే. రవి వేసిన నిమ్మచెట్టు ఉంది. కానీ వాళ్ళ కోసం వెళ్ళాలి" అంది.

నేను ఇల్లు అమ్మకానికి లిస్టింగ్ పెట్టాను. రవి పోయిన సంగతి బెట్టీ చెప్పినట్టు మొదటే, గట్టిగా చెప్పాను. అమెరికన్లు సారీ అని, వంటింటి గురించి అడిగారు. మనవాళ్ళు కొందరు అసలు రాలేదు. వచ్చినవాళ్ళలో ఒకాయన ఆఫీస్ అయ్యాక సాయంత్రం వచ్చాడు. ఇల్లంతా తిరిగి, బాగా నచ్చి, పంతులు గారికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి నన్నడిగాడు.

"మేడమ్, ఆయన ఏ నక్షత్రంలో పోయారో తెలుసా? ధనిష్ఠా పంచకం కాదు కదా?"

కొన్ని నక్షత్రాల్లో మనిషి పోతే ఇల్లు కొన్ని నెలలు మూసెయ్యాలంటారు కదా, అది. ఇంటి సంగతులు రాసిచ్చే మా డిస్‌క్లోజర్ కాగితాల్లో నక్షత్రానికి చోటు లేదు. తెలియదండీ అనబోతున్నాను. అప్పటిదాకా గదిలో ఉన్న సీతారామమ్మ గారు బయటికొచ్చారు. ఇల్లు చూపించేటప్పుడు ఇంటివాళ్ళు ఉండకూడదని ఎంత చెప్పినా ఆవిడ కదిలేవారు కాదు.

"ధనిష్ఠే బాబూ. ఆర్నెల్లు ఇల్లు మూసి వేరే చోటికి పొమ్మని అందరూ ఫోన్లు చేశారు. నేనే మూయనివ్వలేదు. వాడొస్తే తాళం చూసి వెనక్కి పోడూ?"

ఆ మాట పూర్తవుతుండగానే గోడ అవతల గరగరమంటూ గరాజ్ తలుపు లేచింది.

కొనడానికి వచ్చినాయన, చెప్పులకి తొడిగిన నీలం కవర్లు కూడా విప్పకుండా కారెక్కేశాడు. ఫోన్‌లో పంతులు గారు "హలో, హలో" అంటూనే ఉన్నారు. సీతారామమ్మ గారు ఏమీ జరగనట్టు వెళ్ళి టీ గిన్నె కడుక్కున్నారు.

మా ఆయన నిచ్చెన

ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను. ఆయన ఎలక్ట్రానిక్స్ మనిషి. ఇలాంటిది వింటే ఆయనకి పండగ. శనివారం నిచ్చెనేసుకుని వచ్చి, గరాజ్ పైకప్పుకున్న మోటారు మూత విప్పి చూసి పకపకా నవ్వాడు. పాత మోడల్. రిమోట్‌లోనూ మోటారులోనూ బుల్లి స్విచ్‌ల వరస ఉంటుంది. రెండూ ఒకేలా పెడితే తలుపు లేస్తుంది. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే బిల్డర్ కట్టినవి, స్విచ్‌లు ఎవరూ మార్చలేదు. పక్కింటాయన గరాజ్‌లో సామాను తీసేసి, కారు లోపల పెట్టడం ఈ మధ్యే మొదలుపెట్టాడు. ఆయన తన తలుపు కోసం రిమోట్ నొక్కితే వీళ్ళ తలుపూ లేస్తోంది.

"రవి పోయాకే ఎందుకు మొదలైంది మరి?" అన్నాను.

"కాకతాళీయం" అన్నాడు మా ఆయన. మళ్ళీ కాకే, అనుకున్నాను. స్విచ్ అప్పుడే మార్చేస్తానంటే, ఆగమన్నాను. ఇల్లు వాళ్ళది, వాళ్ళకి చెప్పాలి.

ముందు కల్పనకి చెప్పాను, కాఫీ షాప్‌లో కూర్చోబెట్టి. ఇంత శుభవార్త మోసుకెళ్ళానని నా సంబరం. కల్పన కప్పు కింద పెట్టింది.

"తెలుసు విజయ గారూ. నేను హార్డ్‌వేర్ ఇంజినీర్‌ని. రెండో వారమే మూత తీసి చూశాను. మార్చేద్దామని స్టూల్ ఎక్కాను కూడా. కిందికి చూస్తే అత్తయ్య టీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నారు. దిగిపోయాను." మళ్ళీ కప్పు అందుకుని, "వాళ్ళిద్దరికీ చెప్పకండి, ప్లీజ్. వాళ్ళు నమ్ముతున్నారు" అంది.

రెండు రోజులకి లాన్‌లో అమ్మకం బోర్డు సరిచేయడానికి వెళ్తే, నిత్య బయటికొచ్చి నా కారు పక్కన నిలబడింది. అమ్మ ఇల్లు ఎందుకు అమ్ముతోందని అడిగింది. ఆ తలుపు వల్లేనేమో అన్నాను జాగ్రత్తగా.

"ఐ నో ఆంటీ, అది నైబర్ రిమోట్. నా రూమ్ విండోలోంచి కనిపిస్తుంది. అతను బటన్ ప్రెస్ చేస్తాడు, మాది ఓపెన్ అవుతుంది." అరిచేతులు స్వెటర్‌లోకి లాక్కుంది. "కానీ నానమ్మకి చెప్పొద్దు, ఓకే? డోర్ ఓపెన్ అయితే నానమ్మ ఏడవదు. టీ పెడుతుంది. అమ్మ లాప్‌టాప్ క్లోజ్ చేస్తుంది. కొంచెం సేపు అందరూ బాగుంటారు."

ఇక మిగిలింది పెద్దావిడ. నాకు ఆ పాటికే తల తిరుగుతోంది. వంటింట్లో ఒంటరిగా దొరికారు. నేను నోరు తెరవకముందే ఆవిడే అన్నారు.

"మీ ఆయన నిచ్చెనేసి ఏం చూశాడో నాకు తెలుసులే విజయా. ఒకరోజు ఆ పక్కింటాయన రిమోట్ పాడైందో ఏమో, నొక్కిందే నొక్కాడు. నొక్కినప్పుడల్లా మన తలుపు లేవడం, దిగడం. నా కొడుకు అంత తిక్కవాడు కాదు." కరివేపాకు దూస్తూ ఉన్నారు. "దయ్యాలూ గియ్యాలూ నాకు నమ్మకం లేదమ్మా. పిల్ల నమ్ముతోంది. కల్పన కూడా. ఆ కప్పు ఎప్పుడు చూసినా ఖాళీగా ఉంటుంది, కోడలు ఏమనుకుని తాగుతోందో పాపం. వాళ్ళ కోసం ఊరుకున్నాను, నువ్వూ చెప్పకు."

"మరి ఆ రోజు తాళం చూసి వెనక్కి పోడూ అన్నారు?"

"అది వేరు" అన్నారు.

ముగ్గురూ ముగ్గురే. ఎవరికీ నమ్మకం లేదు. ఒకరి కోసం ఒకరు నమ్ముతున్నారు. ఆ నమ్మకం కోసమే ఇల్లు అమ్ముకుంటున్నారు. ముగ్గురూ నా దగ్గర మాట తీసుకున్నారు, మిగతావాళ్ళకి చెప్పొద్దని. ఎవరి మాట నిలబెట్టాలో తెలియక రెండు రాత్రులు నిద్ర లేదు. మా ఆయన్ని అడిగితే, "సంతకాలయ్యేదాకా నోరు మూసుకో" అన్నాడు. మంచి సలహానే. కానీ బెట్టీ మాట చెవిలో పోరు పెడుతోంది. తెలిసింది ముందు నువ్వే చెప్పు, గట్టిగా చెప్పు, అందరూ ఉన్నప్పుడు చెప్పు.

ఏదో కాగితం నెపంతో ఒక సాయంత్రం వెళ్ళాను. ముగ్గురూ వంటింట్లో ఉన్నారు. తలుపు లేచింది. సీతారామమ్మ గారు గిన్నె అందుకున్నారు, నిత్య లేచింది, కల్పన లాప్‌టాప్ మూసింది.

"అది పక్కింటాయన రిమోట్" అన్నాను. నా గొంతు నాకే మోటుగా వినిపించింది. "మీ ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ నాకు విడివిడిగా చెప్పారు."

ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాను. నిత్య ముందు నానమ్మని చూసింది, తర్వాత అమ్మని.

"నానమ్మా, యూ న్యూ?"

"నీకూ తెలుసుటే?"

నిత్యకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగింది. సీతారామమ్మ గారు కోడలి వైపు తిరిగారు.

"అయితే ఆ టీ తాగేదెందుకే? నీకు చక్కెర టీ పడదుగా?"

"పడదు అత్తయ్యా." కల్పన ముక్కు తుడుచుకుంది. "మీరు పొద్దున్నే ఆ కప్పు చూసుకుంటారని. అలాగే ఉంటే మీరు తట్టుకోలేరని."

పెద్దావిడ కోడలి తల తన నడుముకి ఆనించుకున్నారు. రవి పోయాక ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి ఏడవడం అదే మొదటిసారి అని తర్వాత కల్పన చెప్పింది. అప్పటిదాకా ఎవరి గదిలో వాళ్ళే ఏడ్చుకున్నారట. నేను మెల్లగా బయటికొచ్చి, లాన్‌లో బోర్డు పీకి కారులో వేసుకున్నాను. ఎవరూ పీకమనలేదు. పీకొద్దనీ అనలేదు. ఒక లిస్టింగ్‌ని నా చేత్తో నేనే పోగొట్టుకున్నాను. ఇలా చేయమని మీకెవరికీ సలహా ఇవ్వను.

మర్నాడు మా ఆయన ఫోన్ చేసి, "స్విచ్ మార్చెయ్యమంటావా కల్పనా?" అని అడిగాడు.

"చూద్దాం అంకుల్" అంది. మన భాషలో చూద్దాం అంటే ఏమిటో మీకు తెలుసు.

మళ్ళీ వెళ్ళినప్పుడు

ఆ స్విచ్ ఎవరూ మార్చలేదు. ఏళ్ళు గడిచాయి. ఆ ఇంట్లో పోయిన మనిషి గురించి ఇప్పుడు మామూలుగా మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు కూడా. అయినా తలుపు లేచినప్పుడు టీ పెట్టేవారు. అంతా తెలిసే పెట్టేవారు. ఇది నాకు అర్థం కాదు. తెలియనప్పుడు నమ్మితే భ్రమ అంటాం. తెలిశాక కూడా ఆ వేళకి చెవి అటే పెట్టుకుని ఉంటే దాన్నేమంటారు?

మొన్న వేసవిలో నిత్య ఫోన్ చేసింది. కాలేజీ నుంచి ఇంటికొచ్చిందట. గొంతు వింటే పన్నెండేళ్ళ పిల్లలా ఉంది.

"ఆంటీ, నైబర్ కొత్త గరాజ్ డోర్ వేయించుకున్నాడు. మాది ఓపెన్ అవడం లేదు. వారం నుంచి లేదు." ముక్కు ఎగబీల్చింది. "నానమ్మ ఏం మాట్లాడటం లేదు. అమ్మ కూడా. మీరు ఒకసారి రాగలరా?"

నాకు మొదట కోపం వచ్చింది. ఏమిటిది, అది రిమోట్ అని మీకందరికీ తెలుసు కదే, పెద్ద చదువులు చదివినవాళ్ళు కదే అని. ఆ కోపం కారు తీసేసరికే పోయింది. దారంతా ఏడుస్తూనే డ్రైవ్ చేశాను. ఉన్నాడని ఎవరూ నమ్మని మనిషి, వాళ్ళకి రెండోసారి పోయాడు. దయ్యాలున్నాయా అని రేపు మీ క్లయింట్ అడిగితే, ఈ సంగతి చెప్పి, తర్వాత మీకేం తోస్తే అది చెప్పండి. నాకేమీ తోచదు.

నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. గరాజ్ తలుపు లేచి ఉంది. నా కోసం నిత్య తెరిచిపెట్టిందట. ట్రెడ్‌మిల్ పక్కనుంచి నడిచి, లోపలి తలుపు తోస్తూ, పాత అలవాటు కొద్దీ "వస్తున్నానండీ" అన్నాను. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళకి ఆ మాట చెప్పానో. ఒక్క ఇల్లూ పలకలేదు.

"రామ్మా విజయా" అని లోపల్నుంచి సీతారామమ్మ గారు పలికారు. "నీకూ కలిపే పెట్టాను, చల్లారిపోతోంది."

గట్టు మీద నాలుగు కప్పులున్నాయి. అన్నిటిలోనూ రెండేసి చెంచాల చక్కెర వేశారట. నాకు షుగర్ ఉంది. అయినా తాగాను.